మాస్కు తీసిన తరువాత

(డయాసిస్ శతాబ్ది సభలలో నరసన్నపేట సంఘ కాపరి చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో మాట్లాడుటకు మాకు ఇచ్చిన అంశము "మహమ్మారి నేర్పిన పాఠములు". అంశము పెద్దది, ఇచ్చిన సమయము అరగంట. కాబట్టి ఆ పెద్ద అంశములోనుండి జానెడు గుడ్డ ఒకటి మాత్రము తీసికొని దానిని గురించి మాట్లాడదలచినాము. అది మాస్కు. నూరేండ్ల పండుగలో మాస్కు గురించి ప్రసంగమేమిటని కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వండి. నేడు నవ్వగలుగుచున్నామంటే అది దేవుని కృప. కాని ఆ జానెడు గుడ్డ మన సంఘములలో ఎవరి మనస్సు ఎట్టిదో బయటపెట్టినది. మా మనస్సును కూడ బయటపెట్టినది. ఆ సంగతి దాచకుండ చెప్పవలెననియే నేడు మీ యెదుట నిలుచున్నాము.

ముందుగా ఆ దినములను ఒకసారి జ్ఞాపకము చేసికొందము. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగినది. 25వ తేదీనుండి దేశమంతట లాక్‌డౌన్ వచ్చినది. ఆ సంవత్సరము మట్టల ఆదివారమునకు మట్టలు లేవు. శుభ శుక్రవారమునకు ఏడు మాటల ఆరాధన లేదు. ఏప్రిల్ 12న ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకొని సమాధుల తోటకు వెళ్ళినవారు లేరు. ఎవరి ఇంటిలో వారు తలుపులు వేసికొని, ఫోనులో కాపరి గొంతు వింటూ ఆరాధించినారు. మేము ఖాళీ బల్లల ఎదుట నిలిచి, చేతిలోని ఫోనును చూచి ప్రసంగించినాము. "ఆమేన్" అనువారు లేని ప్రసంగము ఎంత బరువో ఆనాడు తెలిసినది.

అప్పటికి మన శ్రీకాకుళము జిల్లాలో ఒక్క కేసు కూడ లేదు. ఇది పట్నముల రోగము, మనదాకా రాదు అనుకొన్నాము. ఏప్రిల్ చివరి వారములో పాతపట్నము ప్రాంతమున మొదటి కేసులు బయటపడినవి. ఆ రోజులలోనే గుజరాతులోని వెరావల్ రేవులో చిక్కుకొనిపోయిన మన తీరపు మత్స్యకారులు బస్సులలో స్వస్థలములకు తిరిగి వచ్చినారు. బిడ్డలు ఇల్లు చేరినారన్న సంతోషము ఒకవైపు, వెంట ఏమి తెచ్చినారోనన్న భయము ఒకవైపు. జాతీయ రహదారి మీద ఒరిస్సా వైపు, బెంగాలు వైపు నడచిపోవు కూలీలకు మన యౌవనస్థులు మంచినీళ్ళు, పులిహోర పొట్లములు అందించినారు. చేతులు చాచి ఇచ్చినారు, ముఖము ప్రక్కకు త్రిప్పుకొని ఇచ్చినారు. వారిని తప్పుపట్టుట లేదు. ప్రేమయు భయమును ఒకే మనిషిలో ఉండగలవని చెప్పుచున్నాము.

మొదట మందుల దుకాణములో మాస్కులు దొరకలేదు. మన ఆడవారు కొంగు అడ్డము పెట్టుకొన్నారు, మగవారు తువ్వాలు చుట్టుకొన్నారు. కళ్ళములో నూర్పిడినాడు దుమ్ముకు తువ్వాలు కట్టుకొనని రైతు ఎవడు? తరువాత డ్వాక్రా సంఘముల స్త్రీలు కుట్టుమిషనుల ముందు కూర్చున్నారు. మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచవలెనని రాష్ట్ర ప్రభుత్వము ఆ ఏప్రిల్‌లోనే నిర్ణయించినది. మా స్త్రీల సమాజమువారు పాత చీరలు, లుంగీలు కత్తిరించి సంఘమునకు కుట్టి పెట్టినారు. ఒకరి మూతి మీద పువ్వులు, ఒకరి మూతి మీద గళ్ళు. మన పేట బజారులోని బంగారు దుకాణములలో పూర్వము ముఖమునకు గుడ్డ కట్టుకొని మెట్లెక్కినవానిని దొంగయని అనుమానించియుందురు. ఆ సంవత్సరము గుడ్డ లేనివానిని మెట్లెక్కనీయలేదు.

ఒక యౌవనస్థుడు మమ్మును అడిగినాడు: "అయ్యగారూ, నూర్పిడి ఎద్దుకు చిక్కము కట్టరాదని ద్వితీయోపదేశకాండములో ఉన్నది గదా! మరి మాకెందుకు కట్టినారు?" మేము ఇట్లు చెప్పినాము: "నాయనా, చిక్కము లోపలికి పోవు గడ్డిని ఆపును. ఇది బయటికి వచ్చు దగ్గును ఆపును. చిక్కము యజమానుని ధాన్యము కొరకు. ఇది నీ ప్రక్కన కూర్చున్న మీ మామ్మ కొరకు." అతడు నవ్వి మాస్కు పైకి లాగుకొన్నాడు. బాగుగా చెప్పితిమని మేము సంతోషించినాము. మంచి మాట చెప్పుట సులువే. రెండేండ్ల తరువాత ఆ మాటను మేమే మరచిపోయినాము. ఆ సంగతికి తరువాత వచ్చెదము.

2020 జూన్ 8నుండి ఆరాధన స్థలములు తెరచుకొనవచ్చునని కేంద్ర ప్రభుత్వము అనుమతించినది. మేము కూడ మెల్లగా తలుపులు తెరచినాము. బల్లకు ఇద్దరు చొప్పున, గుమ్మము దగ్గర శానిటైజరు సీసా, పాటలు తక్కువ, ప్రసంగము చిన్నది. ప్రసంగము చిన్నదైనందుకు సంతోషించినవారు కూడ ఉన్నారని మాకు తెలియును. మాస్కు విషయములో మా సంఘములో మూడు విధముల మనుష్యులు కనబడినారు. మీ సంఘములలో కూడ ఉండియుందురు.

మొదటివారు విశ్వాసము పేరు చెప్పి మాస్కు వద్దన్నవారు. "దేవుని ఇంటిలో రోగము అంటునా? మాస్కు వేసికొనుట అపనమ్మకము గదా?" అన్నారు. వారి భక్తి నిజమైనదే. కాని దేవాలయ శిఖరము మీదనుండి దూకుమని శోధకుడు చెప్పినప్పుడు ప్రభువు దూకలేదు. తండ్రి కాపాడునని ఆయనకు తెలియును, అయినను తండ్రిని పరీక్షింపలేదు. ఆ సంగతి వారు మరచినారు.

రెండవవారు భయముతో కృంగినవారు. రెండు మాస్కులు వేసికొని, కానుక పళ్ళెమును కూడ ముట్టక, ప్రక్కవాడు తుమ్మిన లేచిపోయినవారు. వారిని చూచి నవ్వితిమి గాని ఆ భయము ఎక్కడనుండి వచ్చినదో ఆలోచింపలేదు. 2020 జూన్‌లో మన జిల్లాలోనే, పలాసలో, చనిపోయిన ఒక వృద్ధునికి కరోనా ఉన్నదని తెలిసి ఆ శరీరమును మట్టి త్రవ్వు యంత్రములో పెట్టి తరలించినారు. బాధ్యులైన ఉద్యోగులను ప్రభుత్వము సస్పెండు చేసినది. ఆ దృశ్యము ఫోనులలో ఇంటింటికి పోయినది. చావుకంటె అట్టి సాగనంపుటకు మన ముసలివారు ఎక్కువ భయపడినారు.

మూడవవారే ఎక్కువమంది. మాస్కు వారి జేబులో ఉండును. పోలీసు కనబడిన ముఖము మీదికి వచ్చును, పోలీసు దాటిన గడ్డము క్రిందికి దిగును. జరిమానా తప్పించుకొనుటకే తప్ప ఎవరి మేలు కొరకును కాదు. పరిసయ్యుల కాలములో కూడ ఈ పద్ధతి ఉన్నది. పైకి నియమము తీరినది, లోపల ఉద్దేశము లేదు.

ఇక మాస్కు నిజముగా ఏమి చేయును? మేము వైద్యులము కాము. అయినను వైద్యులు, పరిశోధకులు చెప్పినదానిలో మనకు అర్థమగునంత చెప్పుకొందము. ఈ రోగము నోటి తుంపరలతోను, మాటతో పాటతో వెలువడి గాలిలో తేలు సన్నని కణములతోను ప్రాకును. అమెరికాలో వాషింగ్టను రాష్ట్రమున మౌంట్ వెర్నన్ అను ఊరిలో 2020 మార్చి 10న ఒక గాయక బృందమువారు దేవాలయములో రెండున్నర గంటలు పాటలు అభ్యాసము చేసినారు. వచ్చినవారు 61 మంది. వారిలో 53 మందికి రోగము సోకినది లేక సోకియుండవచ్చునని తేలినది. ఇద్దరు చనిపోయినారు. వారు చేసిన తప్పేమియు లేదు. దేవుని పాటలు పాడుకొన్నారు, అంతే. గాలికి మాత్రము కీర్తనయు కేకయు ఒక్కటే.

గుడ్డ మాస్కు ముఖ్యముగా వేసికొన్నవాని నోటినుండి బయటికి వచ్చుదానిని తగ్గించును. మంచి మాస్కు వేసికొన్నవానిని కూడ కొంత కాపాడును. అది తాయెత్తు కాదు, ఇనుప కవచమును కాదు. మన పొరుగు దేశమగు బంగ్లాదేశ్‌లో 2020–21లో సుమారు 600 గ్రామములలో పరీక్ష చేసి చూచినారు. కొన్ని గ్రామములలో మాస్కులు ఊరక పంచి, పెద్దల చేత, మసీదు ఇమాముల చేత చెప్పించినారు. మాస్కు సరిగా వేసికొనువారు నూటికి 13 మందినుండి 42 మందికి పెరిగినారు. అక్కడ రోగ లక్షణములతో కరోనా సోకినవారు నూటికి తొమ్మిది వంతులు తగ్గినారు. ఆసుపత్రి మాస్కులు పంచిన ఊళ్ళలో అరువదేండ్లు దాటినవారికి కలిగిన మేలు ఇంకను ఎక్కువ. తొమ్మిది వంతులు చిన్న సంగతియని కొందరందురు. ఆ తొమ్మిదిలో మన నాయన ఉన్నయెడల అది చిన్నది కాదు.

మాస్కు వాదము కూడ కొత్తది కాదు. 1910–11లో మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు వచ్చి సుమారు అరువది వేలమంది చనిపోయినప్పుడు, వూ లియెన్-తే అను యువ వైద్యుడు దూది, గుడ్డ పొరలతో మాస్కు చేయించి అందరినీ వేసికొనుమన్నాడు. అనుభవశాలియగు ఫ్రెంచి వైద్యుడు మెస్నీ ఆ మాట లెక్కచేయక మాస్కు లేకుండ రోగుల దగ్గరకు వెళ్ళి, ప్లేగు సోకి చనిపోయినాడు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు సాన్‌ఫ్రాన్సిస్కో పట్టణమువారు మాస్కు చట్టము చేసినారు. నవంబరు 21న చట్టము ఎత్తివేయగానే జనులు వీధులలో మాస్కులు పీకి పారవేసి పండుగ చేసికొన్నారు. రోగము మరల పెరిగి, 1919 జనవరిలో చట్టము మరల వచ్చినది. అప్పుడు మాస్కు వ్యతిరేక సంఘమని ఒకటి పుట్టినది. చూచితిరా, మన పోట్లాటలు మన తాతల నాటివే.

ఆ 1918 రోగము మన దేశములో కోటిమందికి పైగా ప్రాణములు తీసినది. మన ప్రాంతము అప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండెడిది. మన డయాసిస్‌కు నూరేండ్లన్నయెడల, దానికి పునాది వేసిన పెద్దలు ఆ రోగమును దాటి వచ్చినవారే. అయినను మన ఇండ్లలో ఆ కథ ఎవరైన చెప్పగా విన్నారా? మేము వినలేదు. బాధను మరచిపోవుట మనిషికి మేలే. దానితోపాటు నేర్చుకొన్నది కూడ మరచిపోవుట మేలు కాదు. అందుచేత ఈ సంచిక తెరచు మన మనుమలకొరకైన ఈ నాలుగు మాటలు వ్రాసిపెట్టవలెను.

ఇక మా తప్పుల సంగతి చెప్పవలెను. అవి రెండు.

2021 ఆరంభమున రోగము తగ్గినది. జనవరి 16న టీకాలు మొదలైనవి. ఆపద గడచినదని అందరము అనుకొన్నాము. ఏప్రిల్ 4న ఈస్టరు పండుగ. ముందటి సంవత్సరము పోయిన పండుగను వడ్డీతో సహా జరుపుకొనవలెనని మా సంఘమువారి ఉత్సాహము, మా ఉత్సాహము అంతకంటె ఎక్కువ. తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన, తరువాత దేవాలయములో ఆరాధన, ఆపైన కలిసి ఫలహారము. బల్లకు ఇద్దరన్న నియమము పోయి ఐదుగురు కూర్చున్నారు. పాటలప్పుడు మాస్కులు గడ్డము క్రిందికి దిగినవి. మేము చూచినాము. పండుగనాడు కసరుకొనుట ఎందుకని ఊరకున్నాము. మా మాస్కు కూడ ప్రసంగ వేదిక మీద మడిచి పెట్టియున్నది.

ఆ నెలలోనే రెండవ ఉప్పెన వచ్చినది. మే 5నుండి రాష్ట్రమంతట మధ్యాహ్నము 12 గంటలకే కర్ఫ్యూ. ఆక్సిజను కొరకు, పడక కొరకు జనులు పరుగెత్తిన దినములు మీకు చెప్పనక్కరలేదు. ఆ మహమ్మారిలో మన రాష్ట్రమున 14 వేలకు పైగా మరణములు ప్రభుత్వ లెక్కలకు ఎక్కినవి. మా సంఘములో ఆ మే నెలలో కొందరిని కోల్పోయినాము. వారిలో ఒకరు గాయక బృందములో ముప్పది ఏండ్లకు పైగా పాడిన పెద్దాయన. ఈస్టరునాడు ఆయన గొంతు అందరికంటె పైన వినబడినది. ఆయనకు రోగము ఎక్కడ సోకినదో ఎవరమును చెప్పలేము. బజారులో కావచ్చును, బస్సులో కావచ్చును. మన దేవాలయములో కాదని మాత్రము మేము చెప్పలేము. ఆ మాట నాలుగేండ్లు ఎవరితోను అనలేదు, నేడు అనుచున్నాము. సమాధి కార్యమునకు ఆయన కుటుంబమువారిలో ఇద్దరు, మేము, దూరమున నలుగురు. ఆయన భార్యకు ముఖము చూచుటకు వీలుపడలేదు. శరీరమును పూర్తిగా చుట్టి తెచ్చినారు.

ఇది మొదటి తప్పు. రెండవది దీనికంటె చిన్నదిగా కనబడును, కాని మమ్మును ఎక్కువగా సిగ్గుపరచినది అదియే.

2022 మార్చి 31తో విపత్తు చట్టము క్రింది కరోనా ఆంక్షలను కేంద్రము ముగించినది. మాస్కు వేసికొనుట మంచిదన్న సలహా మాత్రము మిగిలినది. ఏప్రిల్ 17న ఈస్టరు వచ్చినది. దేవాలయము నిండినది. నూటికి తొంబదిమంది ముఖములు తెరచియున్నవి. రెండేండ్ల తరువాత సంఘము నవ్వు కనబడినదని మా హృదయము ఉప్పొంగినది. ఆ ఉత్సాహములో లాజరు సంగతి ఎత్తి ఒక మాట అన్నాము: "లాజరు ముఖమునకు చుట్టిన గుడ్డ విప్పుమని ప్రభువు ఆజ్ఞాపించినాడు. రాయి దొర్లినది, సమాధి తెరచుకొన్నది, కొందరి ముఖము గుడ్డ మాత్రము ఇంకను విప్పుకొనలేదు!" సంఘమంతయు నవ్వినది. నవ్వి ఊరకున్నారా? మూడవ బల్లవైపు తిరిగి చూచినారు. అక్కడ మాస్కుతో కూర్చున్నది ఆ పెద్దాయన భార్యయే.

మరుసటి ఆదివారము ఆమె రాలేదు. ఆ తరువాత ఆదివారమును రాలేదు. ఊరికి వెళ్ళియుండునని అనుకొన్నాము. నాలుగు వారములకు మా ఇంటివారు, "ఆమె రాకపోవుట మీ మాట వలననే" అని ముఖము మీద చెప్పినారు. సాయంకాలము ఆమె ఇంటికి వెళ్ళినాము. ఆమె అరుగు మీదనే కుర్చీ వేసి, తాను గుమ్మము దగ్గర నిలుచుండి, కొంగు మూతికి అడ్డము పెట్టుకొన్నది. ఎందుకు వచ్చుట లేదమ్మా అని అడిగినాము. ఆమె చెప్పిన మాటలు ఆమె మాటలలోనే చెప్పెదము.

"అయ్యగోరూ, మీ మీద నాకేటి కోపం నేదు. నవ్వినోల్ల మీదా నేదు. ఉద్దానం నుంచి మా పిల్లనీ అల్లుడినీ నా కాడికే తెచ్చుకున్నాను. ఆ బాబు కిడ్నీలు రెండూ పోయాయి. వారానికి మూడుపాలి శ్రీకాకులం తీసుకెల్లి రగతం మిసను మీద కడిగించుకు రావాల. జొరమొస్తే తట్టుకోలేడని డాక్టరుగోరు సెప్పారు. నాను గుడికొచ్చి మాస్కు ఏసుకుంటే మీరందరూ నవ్వుతారు. తీసేసి ఇంటికొస్తే మా పిల్ల ఏడుస్తాది. అందుకే ఇంటికాడే పాడుకుంటన్నాను."

మాకు ఏమి చెప్పవలెనో తోచలేదు. "ఇంకా అంత భయమెందుకమ్మా" అన్నాము. ఆ మాట కూడ అనకుండవలసినది. ఆమె, "బయమే అయ్యగోరూ. ఒకపాలి సూసినదాన్ని గదా!" అన్నది. లోపల అల్లుడు మంచము మీద పడుకొనియున్నాడు, ఆ దినము ఆసుపత్రినుండి వచ్చి అలసియున్నాడు. మేము అరుగు మీదనే ప్రార్థన చేసి వచ్చితిమి. ఏమి ప్రార్థించితిమో జ్ఞాపకము లేదు.

ఉద్దానము సంగతి మీకు తెలియనిది కాదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో మూత్రపిండముల రోగము ఎన్ని ఇండ్లను ఖాళీ చేసినదో, దాని మూలకారణము ఇదేనని ఇంకను తేలక పరిశోధనలు ఎట్లు సాగుచున్నవో మీరెరుగుదురు. రక్తశుద్ధి చేయించుకొనువారికి రోగములను ఎదిరించు శక్తి తక్కువ. ఇట్టివారు ఉద్దానములోనే కాదు, వారి చుట్టములు ఉన్న ప్రతి ఊరిలోను ఉన్నారు. కాన్సరు మందులు వాడువారు, ఉబ్బసమువారు, నెలలు నిండని పసిబిడ్డలు ఉన్న ఇండ్లు మన ప్రతి సంఘములో ఉన్నవి. లోకము "అంతా మామూలైపోయినది" అన్న దినమున వారికి మామూలు కాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించినది. ఆ ప్రకటన నిజమే. ఆ ఇంటి గుమ్మము లోపలికి మాత్రము అది రాలేదు.

ఆ రాత్రి మేము యోహాను సువార్త పదునొకండవ అధ్యాయము మరల చదివినాము. మా హాస్యమునకు వాడుకొన్న లాజరు కథ అక్కడ వేరుగా కనబడినది. లాజరు బయటికి వచ్చినప్పుడు కట్లతోనే వచ్చినాడు, ముఖము మీద గుడ్డతోనే వచ్చినాడు. ఇంకను విప్పుకొనలేదేమని ప్రభువు అతనిని అడుగలేదు. చుట్టు నిలిచినవారితో మాట్లాడినాడు, అతని కట్లు విప్పు పని వారికి అప్పగించినాడు. మరణము దాటి వచ్చినవానికి మెల్లగా, చేతులతో, దగ్గర నిలిచి సహాయము చేయవలెను. మేము దూరమున వేదిక మీద నిలిచి నవ్వినాము.

లేవీయకాండము పదుమూడవ అధ్యాయములో కుష్ఠరోగి పై పెదవి కప్పుకొని, తాను అపవిత్రుడనని కేకవేయుచు పాళెము వెలుపల ఉండవలెనని యున్నది. 2020లో మనమందరము పెదవులు కప్పుకొన్నాము గనుక ఎవరికిని అవమానము లేదు. అందరి ముఖము మీద ఉన్నప్పుడు మాస్కు ఐక్యతకు గురుతు. ఒక్కరి ముఖము మీద మిగిలినప్పుడు, ఆ ఒక్కరిని పాళెము వెలుపల నిలిపినట్లగును. అట్లు కాకుండ చూచుట మాస్కు తీసినవారి పని. మామూలు దినములు వచ్చిన తరువాతనే ఆ పని మొదలగును. ఇదియే మేము నేడు చెప్పదలచిన ముఖ్యమైన మాట.

రోమా సంఘములో ఒకడు అన్నియు తినెడివాడు, ఒకడు కూరగాయలే తినెడివాడు. పౌలు ఎవరి భోజనము సరియైనదో తేల్చుటకు ముందు, తినువాడు తిననివానిని చులకన చేయరాదని, తిననివాడు తినువానికి తీర్పు తీర్చరాదని వ్రాసినాడు. ఈ రెండును మనకు కావలెను. మాస్కు తీసినవారు వేసికొన్నవారిని పిరికివారనరాదు. వేసికొన్నవారు తీసినవారిని హంతకులుగా చూడరాదు. అక్కడ పౌలు బలవంతులు, బలహీనులు అను మాటలు కూడ వాడినాడు. ఆమె విశ్వాసమునందు బలహీనురాలనియు మేము బలవంతులమనియు మేము తలంచితిమి. తన కుమార్తె మెడలోని తాళి కొరకు, తనకు ప్రాణమైన ఆరాధనను మానుకొని ఇంటి గుమ్మములో ఒంటరిగా పాడుకొన్న ఆమె బలహీనురాలా? నవ్వు కొరకు ఒక మాటను ఆపుకొనలేని మేము బలవంతులమా?

ఆ తరువాతి ఆదివారము సంఘము ఎదుట క్షమాపణ చెప్పినాము. ఆమె పేరు చెప్పలేదు, ఆమె ఇంటి సంగతి చెప్పలేదు. "మాస్కు వేసికొన్నవారిని గురించి మేము అన్న మాట తప్పు" అని మాత్రమే చెప్పినాము. ఒక పెద్ద తరువాత వెస్ట్రీలో, "కాపరి ఇంత చిన్న సంగతికి వేదిక మీద తగ్గుట మంచిది కాదు, సంఘము చులకన చేయును" అన్నారు. వారు మా మేలు కోరియే అన్నారు. మేము ఒప్పుకొనలేదు. ఆ విషయములో నేటికిని మా ఇద్దరికి ఏకాభిప్రాయము లేదు.

ఆమె వెంటనే రాలేదు. ఈలోగా సంఘము కొన్ని ఏర్పాట్లు చేసినది. పెయింటు పట్టి మూసుకొనిపోయిన తూర్పు కిటికీలు నాలుగును వడ్రంగిని పిలిచి విప్పించినాము. వరండాలో రెండు బల్లలు వేసి అక్కడికి స్పీకరు పెట్టించినాము. ప్రభు బల్ల దగ్గర ఒక్క గిన్నెకు బదులు చిన్న గిన్నెలు వాడుచున్నాము. గుమ్మము దగ్గర ఒక పెట్టెలో మాస్కులు ఉంచినాము, కావలసినవారు తీసికొందురు, ఎవరును అడుగరు. ఆ సంవత్సరము క్రిస్మసు ఆరాధనకు ఆమె వచ్చి వరండా బల్ల మీద కూర్చున్నది, మాస్కుతోనే. ఆమె ప్రక్కన ఇద్దరు యౌవనస్థురాండ్రు మాస్కులు వేసికొని కూర్చున్నారు. మేము చెప్పలేదు, ఎవరు చెప్పినారో తెలియదు. నేటికిని ఆమె అక్కడనే కూర్చుండును. మూడవ బల్లకు ఇంకను రాలేదు. రావలెనని మేము అడుగుట లేదు.

ప్రియులారా, "మామూలు స్థితికి తిరిగి వచ్చుట" అని అందరము అంటిమి. ఏ మామూలుకు? మనము వదలివచ్చిన మామూలులో మంచియు ఉన్నది, చెడ్డయు ఉన్నది. జ్వరముతోనే ఆరాధనకు వచ్చుట గొప్ప భక్తియని మెచ్చుకొన్నాము, ఆ మామూలు మరల రానక్కరలేదు. చేతిలోనికి దగ్గి అదే చేతితో కరచాలనము చేసితిమి, అదియు రానక్కరలేదు. కిటికీలు మూసి ఫానుల క్రింద కూర్చుండుట కూడ అంతే. కాని ఒకరి ఇంటికి ఒకరు వెళ్ళుట, రోగి మంచము దగ్గర కూర్చుండుట, శవము వెంట సమాధివరకు నడచుట మరల రావలెను. కొన్ని ఇండ్లలో ఇవి ఇంకను రాలేదు. ఫోనులో ఆరాధన చూచుట అలవాటై మంచము మీదనే ఆమేన్ అనువారున్నారు. వారిలో నిజముగా రాలేనివారిని మనము వెళ్ళి చూడవలెను, రాగలిగినవారిని ప్రేమతో పిలువవలెను. ఎవరు రాలేనివారో, ఎవరు రానివారో ఇంటికి వెళ్ళి అడిగితేనే తెలియును. మాకు నాలుగు వారములు పట్టినది. మీకు అంత పట్టకుండును గాక.

కాబట్టి సంఘములకు మా మనవి ఇది. జలుబు, దగ్గు ఉన్ననాడు మాస్కు వేసికొని రండి, జ్వరమున్ననాడు ఇంటిలో ఉండండి, దానిని అపనమ్మకమని ఎవరును అనరాదు. మాస్కుతో వచ్చినవారిని ఎందుకని అడుగవద్దు, నవ్వవద్దు, ప్రక్కన చోటు ఇవ్వండి. మూడు వారములు కనబడనివారి ఇంటికి నాలుగవ వారము రాకముందే వెళ్ళండి. మరల ఇట్టి కాలము వచ్చినయెడల, వేదిక మీదివారు మొదట వేసికొని చివర తీయవలెను. ఈ చివరి మాట మా వంటివారికి.

నూరేండ్ల క్రిందట మన పెద్దలు ఇటుకలు మోసి, సున్నము కొట్టి ఈ దేవాలయములను కట్టినారు. గోడలు వారు కట్టినారు, కిటికీలును పెట్టినారు. కొన్ని కిటికీలను మూసినది మనము. ఈ శతాబ్దిలో గోడలకు రంగులు వేయుచున్నాము, మంచిదే. రంగుతోపాటు కిటికీలు తెరచుకొనుచున్నవో లేదో ఒకసారి తోసి చూడండి. ఆ ఉప్పెనలో మనలను విడిచిపోయినవారిని ప్రభువు తన సన్నిధిలో ఉంచుకొనును గాక. మిగిలిన మనకు ఒకరి భయమును ఒకరు మోయు ఓర్పును దయచేయును గాక. ఆమేన్.